తేరని సీసా

ముందే చెబుతున్నాను, ఇది నిజంగా జరిగింది. ప్రతి కథకీ ముందు నేను ఇదే మాట అంటానని పక్కగదిలోంచి మా ఆవిడ గొణుగుతోంది. గొణగనివ్వండి. నలభై రెండేళ్ల కాపురంలో ఆవిడ నా కథ వినని రోజు లేదు, నమ్మిన రోజూ లేదు.

నేను ఒక పెద్ద ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు గాజు సామాను కడిగాను. నా చదువు పల్లెటూరి బడిలో ఐదో తరగతితో ఆగింది. పలకలు చాలక మాచేత ఇసుకలో రాయించేవారు. గాలి వీస్తే మా ఎక్కాలన్నీ ఎగిరి పక్క పొలంలో పడేవి. అక్కడి గడ్డి మేసిన ఆవు ఒకటి పన్నెండో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేది. పదమూడు దగ్గర తడబడేది. దాన్ని అనడానికి లేదు, మా మాస్టారు కూడా అక్కడే తడబడేవారు.

ఆ ల్యాబులో ఒక మైక్రోస్కోపు ఉంది. గది నిండా అదే. అందులో చూస్తే చీమకి పాలపళ్లు ఊడటం కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్క నేను కలిపింది, లెక్కలోకి తీసుకోకండి. ఇక మీదటంతా నిజం. అందులో నరాన్ని చూడాలంటే ముందు దానికి ఆస్మియం పట్టించాలి. ఆస్మియం ఒక లోహం. భూమి మీద దొరికేదే కాస్త. దానితో చేసిన పసుపుపచ్చ పలుకులు, మూతి కరిగించి మూసిన సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేవి. వాటిని నీళ్లలో కలిపితే, ఆ నీళ్లు తగిలినచోట కొవ్వు ఉంటే చాలు, నల్లగా పట్టేస్తుంది. నరం చుట్టూ ఉండే పొర కొవ్వే కాబట్టి నల్లటి ఉంగరంలా తేలుతుంది. అంతవరకూ మంచిదే. కానీ దాని ఆవిరికి నరానికీ మన కంటికీ తేడా తెలియదు. మూత తీసిన సీసా మీదికి వంగితే కంటి పొరని కూడా అలాగే నల్లబరుస్తుంది. అదృష్టవంతులకి వారం రోజులు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. ఆ అదృష్టం లేనివాళ్లకి దీపాలే కనిపించవు.

అందుకని వాడేసిన ఆస్మియం నీళ్లని సింకులో పారబోయకూడదు. వాటి సంగతి చూడటం నా పని. గుప్పిట్లో పట్టేంత గోధుమరంగు సీసాల్లో పోసి, స్పిరిట్ కలిపి, వారం రోజులు కదపకుండా ఉంచేవాణ్ణి. నీళ్లు నల్లబడి మెల్లగా అడుగున బురద దిగేది. ఆ బురదకి ఆవిరి ఉండదు, దానితో పేచీ లేదు. పైన నీళ్లు తేటపడ్డాక మూత బిగించి, చీటీ అంటించి, తేదీ వేసి, కింద "తేరింది" అని రాసేవాణ్ణి. అప్పటి పెద్ద ప్రొఫెసరుగారు "వీటిని పారేయకు, ఒకరోజు దీని కోసం మొహం వాచిపోతారు" అనేవారు. ఆయన పోయాక ఆ మాట పట్టించుకునేవాళ్లు లేకపోయారు. సీసాలు వేస్ట్ రూములో ఇనప బీరువాలో ఉండిపోయాయి. నేను రిటైరై ఇంటికొచ్చేశాను.

ఆ తరవాత రెండేళ్లకి వచ్చిన వేసవి ఇది.

అదే ల్యాబులో మా కోడలు పనిచేస్తుంది. నరాల్ని వెంట్రుకలో వెయ్యో వంతు మందాన కోసి ఫొటోలు తీసే పని. మాటలు తక్కువ. నేను కథ చెబితే చివరిదాకా వినేది, అయ్యాక "సరే మామయ్యా" అనేది. ఆ సరేలో నమ్మకమూ ఉండదు, వెక్కిరింపూ ఉండదు. కరెంటు బిల్లు అందుకున్నట్టు ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర కంచంలో వేలు తిప్పుతూ కూర్చుంది.

"చల్లారిపోతోంది, తినమ్మా" అంది మా ఆవిడ.

"ఆస్మియం రావడం లేదత్తయ్యా. కంపెనీవాళ్లు వచ్చే ఏడు దాకా లేదన్నారు."

"అది కాకపోతే ఇంకోటి వాడండి."

"దాని బదులు పనికొచ్చేది లేదు." కంచం పక్కకి జరిపింది. "ఆస్పత్రిలో పంతొమ్మిది మంది పిల్లలున్నారు. కాళ్లు మొద్దుబారిపోయే జబ్బు. ఏడాదిగా కొత్త మందు ఇస్తున్నారు. అది నరాన్ని బాగుచేస్తోందో లేదో చూడమని ఒక్కొక్కరి మడమ దగ్గర బియ్యపు గింజంత ముక్క తీసి మాకు పంపారు. మా ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఇంకో ఆరు వారాలు దాటితే పాడైపోతాయి."

"మళ్లీ తీయించండి" అన్నాడు మా అబ్బాయి. వాడు బస్సు డ్రైవరు. ఏ బస్సు తప్పిపోయినా వెనక ఇంకోటి వస్తుందని వాడి నమ్మకం.

"పసిపిల్లల్ని రెండోసారి కోస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? మేం ఫొటోలు ఇవ్వకపోతే వానలు మొదలయ్యే నాటికి మందు ఆపేస్తారు. పనిచేస్తోందని రుజువు లేదు కదా."

"మా వేస్ట్ రూములో ఇరవై ఆరు సీసాల ఆస్మియం ఉంది" అన్నాను.

"మొన్న నువ్వు బావిలోంచి తీసిన విమానం పక్కనేనా నాన్నా?" అన్నాడు అబ్బాయి.

"ఆ పిల్ల బాధలో ఆ పిల్ల ఉంటే మధ్యలో మీ కోతలేమిటండీ" అంది మా ఆవిడ.

కోడలు మాత్రం నా మొహంలోకి చూసింది. "ఏ బీరువాలో మామయ్యా?" అంది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకు వెళ్లింది. వేస్ట్ రూము తలుపు తీయాలంటే తాళాలాయన రావాలి. ల్యాబులో ప్రమాదాలు జరక్కుండా చూసే ఆఫీసరు ఆయన. నడుముకి అరకిలో తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది, ఆయన కంటే ముందు ఆ చప్పుడు వస్తుంది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, మా సింకు కింద బల్లి ఒకటి ఆస్మియం వాసన పీల్చి నల్లగా మారిందనీ, అప్పటి నుంచి దాని నీడ తెల్లగా పడుతోందనీ నేను చెప్పాను. ఆయన టార్చిలైటు పుచ్చుకుని మోకాళ్ల మీద గదంతా వెతికాడు. అది ఆయన మరిచిపోలేదు.

బీరువా తీశాడు. ఇసుక పోసిన అరల్లో మూడు వరసలుగా నా సీసాలు. లోపలి గోడలకి నలుపు పట్టేసి, దీపం పెట్టి చూసినా లోపల ఏముందో తెలియడం లేదు. చీటీలు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇరవయ్యో తేదీన లారీ వస్తోంది మేడం. పాత సీసాలన్నీ ఎత్తించేస్తున్నాను. ఇవీ అందులోనే" అన్నాడు తాళాలాయన.

"ఇవి నాకు కావాలి సార్. బురదలో ఆస్మియం ఉంది. తిరిగి తీయడం నాకు తెలుసు."

"మూత తీసినప్పుడు ఆవిరొస్తే?"

"తేరినవాటికి ఆవిరి ఉండదు. అన్నిటి మీదా రాసుంది చూడండి."

"ఎవరు రాశారు?"

"మా మామయ్య."

తాళాలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ పెద్దాయన మాట మీద తీద్దామంటారా? తెల్లనీడ బల్లి ఉందని నన్ను నేల మీద పాకించాడు ఈయన."

"నోటితో ఎన్నయినా చెబుతారు సార్. చీటీ మీద అబద్ధం రాయరు" అంది మా కోడలు. "పాత రిజిస్టర్లు తీసి చూసే వచ్చాను. ఒక్క తేదీ కూడా తప్పు లేదు."

నా గురించి అలాంటి మాట నా చెవిన పడటం అదే మొదలు. మామూలుగా అయితే ఆ మాటకి నాలుగు తగిలించి ఊరంతా చెప్పుకునేవాణ్ణి. కానీ రెండో వరసలో ఒకే తేదీ ఉన్న నాలుగు సీసాలు నా కంటపడ్డాయి. ఒక అడుగు వెనక్కి వేశాను.

తాళాలాయన గుత్తి రెండుసార్లు ఆడించి, "సరే, మీ పూచీ మీద" అన్నాడు.

అసలు జరిగింది చెబుతాను. ఆరేళ్ల క్రితం ఒకరోజు మైక్రోస్కోపు చెడిపోయింది. వాడేసిన నీళ్లవి మూడు సీసాలు, కొత్తగా కలిపి వాడకుండానే మిగిలిపోయినది ఒకటి, మొత్తం నాలుగు నా బల్ల మీదికి వచ్చాయి. ఆ సాయంత్రమే గేటు కాపలాదారు రిటైరవుతున్నాడు. టీ పార్టీలో మాట్లాడేది నేనే. అతను దొంగని పట్టుకున్న కథ ఒకటి, అందులో దొంగ, ఒంటె, మంత్రిగారి బావమరిది అందరూ వస్తారు, తయారుచేసి పెట్టుకున్నాను. నోరు దురద. మర్నాడు పొద్దున్నే వచ్చి స్పిరిట్ కలుపుదాం, చీటీలు ఇప్పుడే రాసేస్తే ఒక పని అయిపోతుందనుకుని నాలుగింటి మీదా "తేరింది" అని రాసేసి పరిగెత్తాను. కథ బ్రహ్మాండంగా పేలింది. మర్నాడు వచ్చేసరికి బల్ల మీద మూడే సీసాలు ఉన్నాయి. కొత్త నీళ్లున్న నాలుగోదాని మీద చీటీ చూసి ఎవరో మంచివాళ్లు బీరువాలో సర్దేశారు. మూడింటికీ స్పిరిట్ పోశాను. అవి తేరాక తీసుకెళ్లి బీరువాలో పెట్టేటప్పుడు ఆ నాలుగోదాన్ని చూద్దామనుకున్నాను. చూద్దాం, చూద్దాం అనుకుంటూ ఆరేళ్లయింది.

రెండు రోజులు ఇంట్లో నా నోటి నుంచి కథ రాలేదు. "ఒంట్లో బాగాలేదా?" అని మా ఆవిడ నుదురు పట్టుకు చూసింది.

మూడో రోజు పొద్దున్న మొదటి సీసా తీయాలి. కోడలు వంటింట్లో కొళాయి దగ్గర నిలబడి కళ్లద్దాలు కడుక్కుంటోంది. అద్దాలు లేకపోతే ఆ కళ్లు ఇంత చిన్నపిల్ల కళ్లలా ఉంటాయని అంతకుముందు నేను చూడలేదు.

"అమ్మాయ్, వాటిలో ఒక సీసా తేరలేదు" అన్నాను.

"సరే మామయ్యా" అంది, అలవాటు కొద్దీ.

"ఇది కథ కాదమ్మా."

ఆ అమ్మాయి అత్తగారి వైపు చూసింది. మా ఆవిడ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. "కథ కాదు" అంది. "కోతలు కోసేటప్పుడు ఆయన చెయ్యి మీసం మీద ఉంటుంది. ఇప్పుడు చూడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు."

నలభై రెండేళ్లుగా ఆ సంగతి నాకే తెలియదు.

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చెప్పాను. ఒంటె దగ్గర కూడా నవ్వలేదు.

"అంటే ఆ తేదీ ఉన్న నాలుగిట్లో ఒకటి. మిగతా ఇరవై రెండూ?"

"తేరాయి."

"ఖాయంగా?"

ఖాయం అందామని నోరు తెరిచాను. నోటి దాకా వచ్చిన మాట ఆగిపోవడం నాకు కొత్త.

"మొన్న ఆయనతో నేను అంత మాట అన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా."

"ఉన్నాను."

"అప్పుడే చెప్పాల్సింది."

"నువ్వన్న మాట బాగుందమ్మా. ఇంకొంచెంసేపు ఉంచుకుందామనుకున్నాను."

ఆ అమ్మాయి లేచింది. అద్దాలు పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, "చెప్పులు వేసుకోండి. ఆయనకి మీరే చెప్పాలి" అంది. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆ సీసాలు పోతే పిల్లల మందు పోతుంది. తీస్తే తన కళ్లు పోవచ్చు. ఆ రెంటి మధ్యా ఇరికించింది నేనే.

తాళాలాయన అంతా విని, వెక్కిరిస్తాడనుకున్నాను, వెక్కిరించలేదు. అదే భయం వేసింది. "ఒకటి తప్పయితే ఇరవై ఆరూ తప్పే మేడం. అన్నీ లారీలోకే" అన్నాడు.

"లారీకి ఇంకా ఎనిమిది రోజులుంది సార్. మూత తీయకుండానే ఏది పచ్చిదో కనిపెడితే?"

"ఎలా?"

నేను గొంతు సవరించుకున్నాను. "ఆస్మియం నేల మీద ఒలికితే మేం వంటనూనె పోసేవాళ్లం సార్. ఆవిరి తగిలిన నూనె నల్లబడిపోతుంది. అలా నల్లబడ్డాక ఇక భయం లేదని తుడిచేవాళ్లం."

కోడలు నా వైపు తిరిగింది. పొద్దుటి నుంచి నా మొహం చూడటం అదే. "మూత ఎంత బిగించినా ఆవిరి సన్నగా బయటికి వస్తూనే ఉంటుంది" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "ఒక్కో సీసాని ఒక్కో గాజు జాడీలో పెట్టి, లోపల నూనె రాసిన కాగితం వేలాడదీసి మూసేస్తే..."

"మూడు రోజులు ఇస్తాను" అన్నాడు తాళాలాయన. నా ముందుకి ఒక తెల్లకాగితం తోశాడు. "జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టండి."

ఐదు వాక్యాలు. రాయడానికి గంట పట్టింది. రెండుసార్లు చదివి, "ఇందులో బల్లి గానీ ఒంటె గానీ లేవేం?" అన్నాడు.

"సిగ్గుపడి రాలేదు సార్" అన్నాను. ఆయన మూతి బిగించుకున్నాడు గానీ తాళాలు కదిలాయి.

ల్యాబులో తొమ్మిది జాడీలే ఉన్నాయి. మా ఆవిడ దగ్గర పదకొండు. అవి ఆవిడ ఇన్నేళ్లూ పగలకుండా కాపాడుకున్నవి, ఒక్కోదానికీ మూత, మూతకి గుడ్డ.

"ఇవి మళ్లీ నా వంటింట్లోకి రావు కదా?" అంది.

"రావత్తయ్యా" అంది కోడలు.

"అయితే ఉండండి, మెరిసేట్టు తోమి ఇస్తాను. పరాయిచోట నా పరువు పోకూడదు."

ఇంకా ఆరు కావాలి. ఆవిడే ఇరుగుపొరుగుకి వెళ్లి ఉన్న విషయం ఉన్నట్టే చెప్పిందట. "మీ ఆయన జబ్బు నీకూ అంటుకుందా" అని నవ్వి, కథ బాగుందని జాడీలు ఇచ్చారట.

ల్యాబులో పొగల్ని పైకి లాగేసే అద్దాల అర ఒకటి ఉంటుంది. మేం దాన్ని గూడు అంటాం. శుక్రవారం కోడలు చేతులకి రెండు తొడుగులు, కళ్లకి పెద్ద అద్దాలు వేసుకుని, ఇరవై ఆరు సీసాల్నీ బీరువాలో ఉన్న వరసల్లోనే ఒక్కొక్కటే జాడీల్లోకి దించింది. నేను నూనె కాగితాలు అందించాను. ఇంతకుముందు ఇలాంటి పని చేస్తే మధ్యలో కనీసం రెండు ఏనుగులు వచ్చేవి. ఆరోజు "ఇదిగో", "పట్టుకో" తప్ప వేరే మాట లేదు. గూడు తలుపు దించి, తాళాలాయన దానికీ ఒక తాళం వేశాడు.

సోమవారం పదింటికి ముగ్గురం వెళ్లాం. తాళాలాయన తలుపు పైకెత్తాడు. మొదటి వరసలో కాగితాలన్నీ నూనె జిడ్డుతో పాలిపోయి ఉన్నాయి. రెండో వరసలో ఒకటి బొగ్గులా నల్లగా ఉంది. తేదీ చూశాను. అదే.

నేను ఊపిరి వదిలాను. కోడలు వదల్లేదు. మూడో వరసలో ఒక చివర జాడీని వేలితో చూపించింది. ఆ కాగితమూ నల్లబడింది. మొదటిదంత కాదు, అయినా నలుపే.

"ఒకటన్నారు?" అన్నాడు తాళాలాయన.

"ఒకటే అనుకున్నాను సార్. ఇది ఎనిమిదేళ్ల నాటిది. స్పిరిట్ చాలలేదేమో."

ఆయన నా వైపు తిరిగాడు. "జీవితంలో మొదటిసారి ఉన్నదానికంటే తక్కువ చెప్పారు పెద్దాయనా."

కోడలు నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. తరవాత ఆగి, "గురువారం నేను మొదట తీద్దామనుకున్నది ఆ చివరి వరసే" అంది మామూలుగా. తాళాలాయన లారీ కాగితం జేబులోంచి తీసి, అందులో ఇరవై ఆరు సీసాలున్న గడి మీద అడ్డంగా గీత కొట్టాడు.

ఇంకో సంగతి. నేను చెబితే కోత అంటారు, కావాలంటే తాళాలాయన్ని అడగండి. నేను ఆరేళ్లు మొహం చాటేసిన ఆ సీసాలోనే అన్నిటికంటే ఎక్కువ ఆస్మియం ఉంది. వాడని నీళ్లు కదా. మిగతా సీసాలన్నీ పిండి పిండి తీసినా, మొత్తంలో దాదాపు సగం అదొక్కటే ఇచ్చింది.

రెండు వారాలు పట్టింది. తేరని ఆ రెంటి మూతలూ కోడలు గూటి అద్దం వెనకే, కళ్లకి పెద్ద అద్దాలతోనే తీసింది. కోడలు ఆ బురదని గూట్లో కరిగించి, దాని ఆవిరిని మంచులో ముంచిన గొట్టంలోకి పట్టేది. గొట్టం గోడ మీద సన్నటి పసుపుపచ్చ పలుకులు పూసేవి. నేను ఎదురు కుర్చీలో కూర్చుని మంచు కరిగితే మారుస్తూ ఉండేవాణ్ణి. నా చొక్కాకి "అతిథి" అని ఒక బిళ్ల తగిలించారు. ముప్పై ఒక్క ఏళ్లు కడిగిన సింకు ముందు అతిథినయ్యాను. ముందు మాంసం కొట్టు నుంచి తెచ్చిన నరం ముక్క మీద పరీక్షించింది. నల్లగా పట్టింది. ఆ తరవాతే పిల్లల ముక్కలు ఫ్రిజ్‌లోంచి తీసింది.

పదిహేనింటికి సరిపోయింది. నాలుగు మిగిలాయి.

కోడలు స్టూలు మీద కూర్చుండిపోయింది. ఖాళీ సీసాలు వరసగా ఉన్నాయి, గోకడానికి కూడా ఏమీ లేదు. "నలుగురు" అంది. "ఏ నలుగురికి లేదని చెప్పాలి?"

"ఈ పదిహేను ముక్కల్నీ ముంచిన నీళ్లేవీ?" అన్నాను.

"ఇదిగో, ఈ కూజాలో ఉన్నాయి."

"బియ్యపు గింజంత నరం ఎంత తాగుతుందమ్మా. మిగతాదంతా ఆ నీళ్లలోనే ఉంటుంది కదా."

తలెత్తి చూసింది. గడువుకి పద్దెనిమిది రోజులుంది.

ఈసారి తేర్చే పని నాది. స్పిరిట్ కలిపి, సీసాని గూట్లో ఒక మూల పెట్టి, రోజూ దాని ముందు కూర్చున్నాను. నీళ్లు నల్లబడ్డాయి. బురద దిగడం మొదలైంది. వేసవి చివర కదా, గదిలో ఫ్యాను తిరుగుతున్నా చొక్కా వీపుకి అంటుకుపోయేది. రోజుకి రెండుసార్లు కోడలు తలుపులోంచి తొంగిచూసేది.

"తేరిందా మామయ్యా?"

"లేదమ్మా."

ఆరో రోజు లోపలికే వచ్చింది. "పైన తేటగానే కనిపిస్తోంది కదా. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. దీన్నుంచి తీయడానికే వారం కావాలి నాకు."

"తేటగా కనిపిస్తోంది. తేరలేదు. ఎల్లుండి చూద్దాం."

"ఆలస్యమైతే ఆ నలుగురివీ పోతాయి."

"తెలుసమ్మా."

వెళ్లిపోయింది. నేను ఏదో ఒకటి చెప్పి నవ్విద్దామనుకున్నాను, ఏదీ గుర్తుకు రాలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం సీసా వెనక వేలు పెట్టి చూస్తే గోటి మీది గీతలు కూడా కనిపించాయి. అప్పుడు చీటీ రాసి పిలిచాను. ఆ అమ్మాయి చీటీ చదివింది, నూనె కాగితం కోసం సొరుగు వైపు చూసి ఆగింది, నేను నొచ్చుకుంటానేమోనని.

"పెట్టు" అన్నాను. "నేను రాసినా పెట్టు."

మర్నాటికి కాగితం తెల్లగానే ఉంది.

ఆ వేసవి నుంచి వారానికి రెండు రోజులు నన్ను రమ్మంటున్నారు, సీసాలు తేర్చడానికి. చుట్టుపక్కల ల్యాబులవాళ్లు కూడా వాడేసిన ఆస్మియం మాకే పంపుతున్నారు, మళ్లీ తీసి పంచుకోవడానికి. బిళ్ల మీద అతిథి అన్న మాట ఇంకా మార్చలేదు. ఇంట్లో మాత్రం నాకు గడ్డురోజులు వచ్చాయి. కోడలు "సరే మామయ్యా" అనడం మానేసింది. కథ మధ్యలో ఆపి "ఇందులో నిజం ఎంత?" అని అడుగుతోంది. అంత మర్యాదగా అడిగితే చెప్పక తప్పదు కదా. ఆవు చెప్పిన ఎక్కం ఇప్పటికి రెండుకి దిగింది.

పంతొమ్మిదో ముక్క ఫొటో వచ్చిన రోజు నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. చీకటి గది. తెర మీద బూడిదరంగులో ఏవో గీతలు, చుక్కలు.

"ఏం కనిపిస్తోంది మామయ్యా?"

"నల్ల ఉంగరాలు. పెద్దవి నాలుగు. ఒకటి విరిగిపోయింది." కళ్లు చికిలించి చూశాను. "దాని పక్కన సన్నగా ఇంకో మూడు ఉన్నాయి. పెన్సిల్‌తో చుట్టినట్టు."

"ఆ సన్నటివి కొత్తవి." తెర మీద వేలు ఆనించకుండా చూపించింది. "పాత పొర పోయినచోట మళ్లీ పొర చుట్టుకుంటోంది."

"ఎంతమందికి?"

"పదమూడు మందికి. ఆరుగురికి లేదు. లేనివాళ్ల సంగతి కూడా ఇప్పుడు తెలిసింది కదా."

ఫోను తీసి ఆస్పత్రి డాక్టరుకి చేసింది. నెమ్మదిగా, ఒక్కొక్క అంకే చెప్పింది. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తరవాత డాక్టరు గొంతు నాకూ వినిపించింది.

"ఇది వేరే ఎవరైనా చూసి చెప్పిందా, మీరే చూశారా?"

"నా కళ్లతో చూశాను డాక్టర్" అంది మా కోడలు.

అవతల డాక్టరు కుర్చీ జరిపిన చప్పుడు. "అయితే పదమూడు మందికీ మందు ఆపడం లేదు. ఆ ఆరుగురి గురించి రేపు కూర్చుని మాట్లాడదాం. వచ్చేటప్పుడు ఫొటోలు తీసుకురండి."

ఫోను పెట్టేసి, అద్దాలు తీసి, ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. మళ్లీ అద్దాలు పెట్టుకుని, ఆ ఆరు ఫొటోలూ బయటికి తీసి మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది. బల్ల మీది దీపం వెలుగు సూటిగా ఆమె కళ్లలో పడుతోంది. నేను లేచి దాన్ని కాస్త పక్కకి తిప్పాను.